‘అది వాళ్ల ఆచారం’ అనే సాకు

గృహహింస జరిగినప్పుడు ముందుగా చేరుకునేది పోలీసులు, ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, అంగన్‌వాడీ టీచర్లు. వీళ్లకిచ్చే శిక్షణలో గిరిజన ప్రాంతాల మాట వస్తే ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: ‘స్థానిక సంస్కృతిని గౌరవించాలి.’ వాక్యం మంచిదే. ఎలా గౌరవించాలో చెప్పకపోవడంతో అది రెండు దారులు తొక్కుతోంది. ఒకరు ‘వాళ్లు తాగుతారు, కొట్టుకుంటారు, తెల్లారితే కలిసిపోతారు, అది వాళ్ల ఆచారం’ అని తప్పుకుంటారు. ఇంకొకరు ‘వాళ్లకేం తెలియదు’ అనుకుని, మైదానంలో చెప్పిన పాఠాన్నే గూడెంలోనూ అప్పజెప్పి వెళ్తారు. మొదటివారు దెబ్బలు తిన్న మనిషిని వదిలేస్తున్నారు. రెండోవారు ఆమె బతికే ఊరిని వదిలేస్తున్నారు.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. పోలీసులకు, న్యాయాధికారులకు ఎప్పటికప్పుడు అవగాహన శిక్షణ ఇప్పించే బాధ్యతను 11వ సెక్షన్ ప్రభుత్వాల మీద పెట్టింది. ఫిర్యాదు అందుకున్న పోలీసు అధికారి ఆ మహిళకు రక్షణ అధికారి గురించి, ఉచిత న్యాయ సహాయం గురించి చెప్పి తీరాలని 5వ సెక్షన్ అంటుంది. ఆచారం కాబట్టి కొట్టవచ్చని ఏ సెక్షనూ అనదు.

పైగా ఈ చట్టం మన పెళ్లిళ్లకు బాగా సరిపోతుంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, షెడ్యూల్డు తెగలకు వర్తించదు. గృహహింస చట్టానికి ఆ అడ్డు లేదు. పెళ్లితో పాటు ‘పెళ్లి లాంటి సంబంధాన్ని’ కూడా అది లెక్కలోకి తీసుకుంటుంది. ఇష్టపడి వెళ్లిపోయి కాపురం పెట్టి, తర్వాత పెద్దల ముందు ఒప్పుకున్న జంటకైనా అది వర్తిస్తుంది. అయినా స్టేషన్‌కు వెళ్లిన ఆడమనిషిని మొదట అడిగేది పెళ్లి ఫోటో ఉందా, శుభలేఖ ఉందా అనే. ఈ ఒక్క ప్రశ్న అడగవద్దని నేర్పినా శిక్షణ సగం ఫలించినట్టే.

రెండో ప్రశ్న, ‘కట్నం ఎంత ఇచ్చారు?’ గృహహింస నివేదిక ఫారంలో కట్నం వేధింపులకు విడిగా ఒక భాగం ఉంది. మన తెగల్లో చాలా వాటిలో పాత ఆనవాయితీ కట్నం కాదు, ఓలి. మగపిల్లవాడి వాళ్లే ఆడపిల్ల వాళ్లకు ఇస్తారు. దెబ్బలు పడలేక ఆమె పుట్టింటికి వస్తే ‘మా ఓలి మాకు తిరిగి కట్టండి’ అంటారు. కట్టలేని తల్లిదండ్రులు ఆమెను మళ్లీ ఆ ఇంటికే పంపుతారు. ఇది కట్నం వేధింపు కన్నా తక్కువదేం కాదు. అయితే ఓలి అనే మాట ఆ ఫారంలో ఎక్కడా కనబడదు. అడిగేవాళ్లకు ఆ సంగతి తెలియకపోతే ఆమె అదే మాట చెప్పినా కాగితం మీదకు ఎక్కదు.

ఇక భాష. గోండి, కోయ, కొలామి, కువి, సవర మాట్లాడే ఆడవాళ్లలో చాలామంది సంతలో బేరం ఆడేంత తెలుగు మాట్లాడతారు. ఒంటి మీద, మనసు మీద జరిగింది చెప్పుకోవడానికి ఆ తెలుగు చాలదు. అప్పుడు మాట మార్చి చెప్పడానికి ఎవరిని పిలుస్తారు? గూడెంలో తెలుగు బాగా వచ్చిన మగమనిషిని. అతను భర్తకు అన్నో, బావో అవుతాడు. చిన్న ఊరిలో అందరూ చుట్టాలే. ఆమె చెప్పింది ఒకటి, ఫారంలో రాసింది ఒకటి అవుతుంది. అనువాదం చేసే మనిషి ఆడమనిషై ఉండాలి, వేరే ఊరిదై ఉండాలి. శిక్షణలో మొదటి పాఠం ఇదే కావాలి.

భయం సంగతి కూడా మాట్లాడాలి. పోలీసుల దగ్గరికి ఎందుకు రారని శిక్షకులు అడుగుతారు. 2007 ఆగస్టులో పాడేరు ఏజెన్సీలోని వాకపల్లి కోందు మహిళలు గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు నిందితులను విడుదల చేసింది. అదే తీర్పులో దర్యాప్తు లోపాలను తప్పుపట్టి, మహిళలకు పరిహారం ఇవ్వమంది. పదిహేనేళ్లకు పైగా సాగిన ఆ కేసు కొండ మీద అందరికీ తెలుసు. ఇంటి దెబ్బలకు స్టేషన్ మెట్లెక్కడం మన ఆడవాళ్లకు ఎందుకంత కష్టమో ఈ చరిత్ర చెప్పకుండా నేర్పలేరు.

మరి పెద్దల పంచాయతీ? ఆచార పద్ధతిలో తగవులు తీర్చుకోవడాన్ని కాపాడుకునే అధికారం 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు ఇచ్చింది. ఆదిలాబాద్ గోండుల రాయిసెంటర్లు ఇవాళ్టికీ తగవులు తీరుస్తున్నాయి. వాటిని పక్కనపెట్టి చేసే ఏ శిక్షణా ఊళ్లో నిలబడదు. కాబట్టి పటేళ్లను, సార్మేడిలను, కులపెద్దలను కూడా ఆ శిక్షణలో కూర్చోబెట్టాలి. అక్కడే ఒక హద్దు కూడా గీయాలి. విడిపోవడం, ఓలి, పిల్లలు, వీటి మీద పెద్దలు మాట్లాడవచ్చు. దెబ్బకు తప్పు కట్టించుకుని, ఆ డబ్బుతో విందు చేసుకుని, ఆమెను అదే ఇంటికి పంపడం మాత్రం న్యాయం కాదు. గ్రామసభ అంటే అందులో ఆడవాళ్లూ ఉన్నారు.

ఈ విమర్శ మనకూ తగులుతుంది. నచ్చకపోతే మనువు వదిలి వచ్చే స్వేచ్ఛ, మళ్లీ పెళ్లాడే స్వేచ్ఛ మన ఆడవాళ్లకు ఉందని గర్వంగా రాస్తాం. అది నిజమే. అయితే ఆ గర్వం వెనక ఇంటి దెబ్బ దాక్కోకూడదు. మన కథల్లో ఫారెస్టు గార్డు కొట్టిన దెబ్బ ఉన్నంత స్పష్టంగా మొగుడు కొట్టిన దెబ్బ ఉండదు. బయటివాళ్లు మన సమాజాన్ని తక్కువ చేస్తారనే భయం మనల్ని ఆపుతోంది. మనం రాయని చోటే వాళ్లు ‘అది వాళ్ల ఆచారం’ అని రాసుకుంటున్నారు. వదిలి వచ్చే స్వేచ్ఛ మన ఆచారం. దాన్ని ముందుకు తెచ్చి, కొట్టడాన్ని సమర్థించే మాటలకు అడ్డం పెట్టాలి.

చివరిగా, ఆశ్రమ పాఠశాలల టీచర్లకు. పండక్కి ఇంటికెళ్లి వచ్చిన పిల్ల ముభావంగా ఉంటే, అమ్మ సంగతి మొదట తెలిసేది మీకే. శిక్షణ జాబితాలో మీ పేరు లేకపోయినా ముందు చేరుకునేది మీరే. హింస జరుగుతోందని నమ్మే కారణం ఉన్న ఎవరైనా రక్షణ అధికారికి తెలియజేయవచ్చని 4వ సెక్షన్ చెబుతోంది. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు ఉండదు. ఫిర్యాదు నోటితో చెప్పినా చాలు, అధికారే రాసుకోవాలి. 181కి ఫోన్ చేయవచ్చు. సిగ్నల్ లేని గూడెమైతే సంత రోజు ఉంది. ఆమె ఎవరికీ అనుమానం రాకుండా కొండ దిగేది ఆ రోజే. జీపు వేసుకుని ఇంటి ముందు ఆగకుండా, సంతలో ఆమె పక్కన కూర్చుని, ఆమె భాషలో, ‘నీకేం కావాలి?’ అని అడగగలిగిన మనిషిని తయారుచేయాలి. సంస్కృతిని గౌరవించడమంటే అదే.