చేతులది చివరి వంతు

గోల్ఫ్ చూసేవాళ్ల కళ్లు బంతి వెంట పోతాయి. నేర్చుకునేవాళ్ల కళ్లు చేతుల మీద ఉంటాయి. డ్రైవింగ్ రేంజ్‌లో బెంచీ మీద కూర్చుని నేను బూట్లు చూస్తుంటాను. ఎవరి బంతి ఎటు పోతుందో సగం అక్కడే తెలిసిపోతుంది.

కుడిచేతి వాటం ఉన్న మంచి ఆటగాణ్ణి చూడండి. క్లబ్బు వెనక్కి లేస్తుంటే బరువు కుడిపాదం లోపలి అంచుకు చేరుతుంది. భుజాలు సుమారు 90 డిగ్రీలు తిరిగితే నడుము అందులో సగమే తిరుగుతుంది. ఆ తేడాయే మెలి, మెలిలోనే బలం. క్లబ్బు ఇంకా పైనుండగానే ఎడమ మడమ నేలను నొక్కుతుంది. ఆ వెంటనే తుంటి, తర్వాత ఛాతీ, తర్వాత చేతులు, అన్నిటికంటే ఆఖర్న క్లబ్బు. పైనుంచి బంతిదాకా రావడానికి పట్టేది దాదాపు పావు సెకను. బంతికీ క్లబ్బుకీ మధ్య స్పర్శ సెకనులో సుమారు రెండువేలో వంతు. అంత తక్కువ వ్యవధిలో చేతులతో సర్దుకోవడం ఎవరి తరమూ కాదు. కాళ్లు ముందే సరిగ్గా పని మొదలుపెట్టి ఉండాలి.

బెంగళూరులో ఈ పాఠం మరీ కష్టం. వారమంతా కంప్యూటర్ ముందు, ట్రాఫిక్‌లో కూర్చున్న నడుము శనివారం పొద్దున్నే తిరగమంటే తిరగదు. తిరగని నడుము పక్కకి జరుగుతుంది. అప్పుడు చేతులు ముందుకు ఎగబడతాయి, బంతి వంపు తిరిగి కుడివైపు చెట్లలోకి పోతుంది. కవ్వం ఉన్నచోటే తిరిగితేనే వెన్న పడుతుంది, కుండంతా ఊగిసలాడితే మజ్జిగ ఒలుకుతుంది. అమెరికన్ దిగ్గజం శామ్ స్నీడ్ వట్టికాళ్లతో సాధన చేసేవారు. పచ్చికలో నేనూ అప్పుడప్పుడు బూట్లు విప్పి ఆడతాను. బలవంతంగా కొట్టబోతే కాలు జారుతుంది కాబట్టి ఒళ్లు తనంతట తానే నెమ్మదిస్తుంది.

ఈ ఊళ్లో చూసి నేర్చుకోవడానికి మనుషులకు కొదవలేదు. ఇక్కడ ఆటగాళ్ల క్లబ్బుల సంచి మోసే క్యాడీగా మొదలైన సి. మునియప్ప 2009లో ఇండియన్ ఓపెన్ గెలిచారు. ఐదేళ్ల వయసులో ఆట మొదలుపెట్టిన బెంగళూరు అమ్మాయి అదితి అశోక్, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఒక్క స్ట్రోకు తేడాతో కాంస్యం కోల్పోయి నాలుగో స్థానంలో నిలిచారు. ఎక్కువ దూరం కొట్టేవాళ్లలో ఆమె లేరు, ఆమెను అంతదాకా తెచ్చింది ముఖ్యంగా పటింగ్, అంటే బంతిని మెల్లగా గుంతలోకి దొర్లించడం. పటింగ్‌లో పాదాలూ నడుమూ అసలు కదలకూడదు. అంటే కాళ్లకు ఎప్పుడు కదలాలో తెలిస్తే చాలదు, ఎప్పుడు ఊరుకోవాలో కూడా తెలియాలి.

కొత్తగా క్లబ్బు పట్టేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. కొట్టాక బంతి నేల తాకేదాకా అలాగే నిలబడండి. బరువంతా ఎడమకాలి మీద, కుడి బూటు ముని వేళ్లపై, బెల్టు బకిల్ లక్ష్యం వైపు ఉండాలి. తూలకుండా నిలబడగలిగితే, బంతి ఎక్కడ పడినా ఆ స్వింగ్ మంచిదే. తూలితే మాత్రం, బంతి జెండా పక్కన పడ్డా సంబరపడకండి. అది రేపు మళ్లీ రాదు.