గార్డన్ ఫ్రీమన్ అరణ్యపర్వం

2007 అక్టోబరులో వచ్చిన 'హాఫ్-లైఫ్ 2: ఎపిసోడ్ టూ' చివర్లో ఆటగాడు చేయగలిగిందేమీ లేదు. ఈలై వాన్స్, అతని కూతురు అలిక్స్, మనం కలిసి బొరియాలిస్ అనే ఓడని వెతకడానికి హెలికాప్టర్ ఎక్కబోతుంటాం. అంతలో షెడ్డు పగలగొట్టుకుని అడ్వైజర్లు వస్తాయి, పెద్ద పురుగుల్లాంటి జీవులు. మనల్ని గాల్లోకి లేపి కదలకుండా అదిమి పెడతాయి. చేతిలో మౌస్ ఉంటుంది, కానీ ఏ బటన్ నొక్కినా పని చెయ్యదు. మన కళ్ళముందే ఈలైని చంపేస్తాయి. డాగ్ అనే రోబో వచ్చి వాటిని తరిమేసరికే అంతా అయిపోతుంది. తండ్రి మీద పడి అలిక్స్ ఏడుస్తుంటే స్క్రీన్ నల్లబడుతుంది.

తర్వాతి భాగం 2007 క్రిస్మస్‌కల్లా వస్తుందని వాల్వ్ కంపెనీ 2006లో చెప్పింది. రాలేదు. ఇప్పటికీ రాలేదు. ఈ మధ్యలో ఆ కంపెనీకి మూడు లెక్కపెట్టడం రాదన్న జోకు పుట్టి, పాతబడి, మళ్ళీ కొత్తదైంది (టీమ్ ఫోర్ట్రెస్ 2, పోర్టల్ 2, లెఫ్ట్ ఫర్ డెడ్ 2, డోటా 2, చివరికి 2023లో కౌంటర్-స్ట్రైక్ 2 కూడా). వాల్వ్ ఏ గేమ్‌కి అప్‌డేట్ ఇచ్చినా, అందులోని ఫైళ్ళు విప్పి, 'హెచ్‌ఎల్‌ఎక్స్' అన్న మూడక్షరాల కోసం గాలించేవాళ్ళున్నారు. ఇంకొకరి కోడ్‌లో వేరియబుల్ పేర్లు చదివి వాళ్ళ మనసులో ఏముందో ఊహించడం నాకు ఆఫీసులో రోజూ ఉండే పనే, కాబట్టి వాళ్ళని చూసి నవ్వలేను.

మన దగ్గర ఈ సిరీస్‌ది ఒక వింత పరిస్థితి. హాస్టల్ ల్యాన్‌లోనో, గంటకింతని తీసుకునే నెట్ సెంటర్లోనో కౌంటర్-స్ట్రైక్ 1.6 ఆడని ఇంజనీరింగ్ బ్యాచ్ మా రోజుల్లో లేదు. ఆ కౌంటర్-స్ట్రైక్ 1999లో హాఫ్-లైఫ్‌కి అభిమానులు కట్టిన ఒక మోడ్. అంటే మనలో చాలామంది హాఫ్-లైఫ్ ఇంజన్ మీద వందల గంటలు గడిపి కూడా హాఫ్-లైఫ్ ఆడలేదు. ఇల్లు చూడకుండా అరుగు మీదే కాలక్షేపం చేసి వచ్చేశారన్నమాట. ఈ వ్యాసం వాళ్ళకోసం కూడా.

1998లో మొదటి హాఫ్-లైఫ్ వచ్చేనాటికి షూటర్ అంటే తుపాకీ, గది, రాక్షసులు, తాళంచెవి, ఇంకో గది. కథ మాన్యువల్‌లో ఉండేది. హాఫ్-లైఫ్ మాత్రం ఒక ట్రామ్ ప్రయాణంతో మొదలవుతుంది. గార్డన్ ఫ్రీమన్ అనే ఫిజిక్స్ పట్టభద్రుడు బ్లాక్ మెసా అనే పరిశోధనా కేంద్రానికి డ్యూటీకి వెళ్తుంటాడు. కాల్చడానికేమీ ఉండదు, కిటికీలోంచి చూడటమే. ఆ తర్వాత కూడా కెమెరా అతని కళ్ళు దాటి బయటికి రాదు. మధ్యలో సినిమా ముక్కలుండవు. అతను ఒక్క మాట మాట్లాడడు. అతని మొహం మనకి పెట్టె మీద బొమ్మలో తప్ప కనపడదు.

2004లో వచ్చిన రెండో భాగం ఈ పద్ధతిని ఎంత దూరం తీసుకెళ్ళిందో చెప్పడానికి ఒక్క టిన్ను చాలు. సిటీ 17 రైల్వే స్టేషన్లో దిగుతాం. భూమిని కంబైన్ అనే గ్రహాంతర సామ్రాజ్యం ఆక్రమించి ఏళ్ళయింది. ముసుగేసుకున్న పోలీసొకడు ఖాళీ కూల్‌డ్రింక్ టిన్నుని మన ముందుకి తోసి, తీసి చెత్తబుట్టలో వెయ్యమంటాడు. వేస్తే వెళ్ళనిస్తాడు. వాడి మొహానే విసిరికొడితే లాఠీతో బాదుతాడు. వస్తువుల్ని ఎత్తొచ్చు, విసరొచ్చు అని ఆటగాడికి నేర్పే పాఠం ఇదే. బలగం చేతిలో ఉన్నవాడు బలహీనుణ్ణి ఏ పనీ లేకుండా ఎలా వంచుతాడో చూపించే దృశ్యమూ ఇదే. రెండూ ఒకే చేతి కదలికలో జరిగిపోతాయి. తర్వాత గ్రావిటీ గన్ చేతికొచ్చి, రేవెన్‌హోమ్‌లో రంపపు చక్రాల్ని శవాల మీదికి విసురుతున్నప్పుడు మనకి గుర్తుండదు, ఈ విద్యలో ఓనమాలు ఆ చెత్తబుట్ట దగ్గర దిద్దామని. ఒక నవలాకారుడు పది పేజీలు ఖర్చుపెట్టే పనిని ఇంత చవకగా చేసిన ఇంకో షూటర్ నాకు తెలీదు.

ఎదురుచూపుల సంగతి అర్థం కావాలంటే ఈ డిజైన్‌లో ఇంకొకటి చూడాలి. మొదటి గేమ్ చివర జీ-మాన్ అనే సూటు మనిషి గార్డన్‌ని పట్టుకెళ్ళి కాలం బయట ఎక్కడో దాచేస్తాడు. రెండో గేమ్‌లో నిద్రలేపుతాడు. కథలో దాదాపు ఇరవై ఏళ్ళు గడిచిపోయుంటాయి, మనకి ఆరేళ్ళు. రెండో గేమ్ చివర మళ్ళీ దాచేస్తాడు. అంటే గేమ్‌కీ గేమ్‌కీ మధ్య విరామం కూడా కథలో భాగమే. మనం కంప్యూటర్ ఆపేస్తే గార్డన్ నిద్రపోతాడు, కొత్త సీడీ వస్తే లేస్తాడు. ఎన్నేళ్ళయినా ఆగొచ్చు, అన్యాయమేమీ లేదు.

ఎపిసోడ్ వన్‌లో వోర్టిగాంట్లు వచ్చి గార్డన్‌ని జీ-మాన్ చేతుల్లోంచి లాగేసుకుంటాయి. అక్కణ్ణించి ఆ సదుపాయం పోయింది. ఎపిసోడ్ టూ చివర గార్డన్‌కి నిద్ర లేదు. ఏడుస్తున్న అలిక్స్ పక్కనే మెలకువగా ఉన్నాడు. మిగతా విరామాలు బాధించకుండా ఇదొక్కటే ఇన్నేళ్ళు ఎందుకు బాధించిందని అడిగితే, నా జవాబు ఇది. ఆలస్యం సంవత్సరాల్లో ఎంతన్నది రెండో విషయం.

పైగా పేరు 'ఎపిసోడ్'. వారపత్రికల్లో సీరియల్ చదివి పెరిగిన మన అమ్మల్ని, పిన్నుల్ని అడిగితే చెబుతారు, కింద 'సశేషం' అని వేసి రచయిత మాయమైతే ఎలా ఉంటుందో. పెద్ద గేమ్ ఆరేళ్ళు కట్టేకంటే చిన్న చిన్న ముక్కలుగా త్వరత్వరగా ఇద్దామన్నది వాల్వ్ ఆలోచన. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి ఈ మాట ఎక్కడో విన్నట్టుంటుంది. మొదటి ముక్క 2006 జూన్‌లో, రెండోది 2007 అక్టోబరులో. మూడోదాని మీద పనిచేస్తున్నవాళ్ళు లెఫ్ట్ ఫర్ డెడ్ పూర్తిచెయ్యడానికి అటు వెళ్ళారు, మళ్ళీ ఇటు రాలేదు. ఇదంతా హాఫ్-లైఫ్ 2కి ఇరవై ఏళ్ళు నిండిన సందర్భంగా 2024 నవంబరులో వాల్వ్ విడుదల చేసిన డాక్యుమెంటరీలో వాళ్ళే చెప్పారు. మంచుతో గోడలు కట్టే తుపాకీ, నీటిముద్దలా పాకే ఒక జీవి, అప్పటికి తయారైనవి చూపించారు కూడా.

అందులో కంపెనీ అధిపతి గేబ్ న్యూవెల్ వాదన ఏమిటంటే, ఎపిసోడ్ త్రీ గేమ్స్ అనే కళని ఎక్కడ ముందుకి తీసుకెళ్తుందో తనకి తోచలేదని, కథ ముందుకెళ్ళడం కోసమే గేమ్ చెయ్యడం ఆటగాళ్ళ పట్ల బాధ్యత ఎగ్గొట్టడమేనని. ఆ టీమ్‌లోవాళ్ళేమో, ఇంకో రెండేళ్ళు కూర్చుని ఉంటే అయ్యేదేమో అన్నారు.

న్యూవెల్ మాటని తేలిగ్గా కొట్టిపారెయ్యలేం. డ్యూక్ నూకెమ్ ఫరెవర్‌ని చూడండి. 1997లో ప్రకటించి, మధ్యలో ఇంజన్ మార్చి, చేతులు మారి, 2011లో బయటికొచ్చింది. పద్నాలుగేళ్ళ కిందటి బూతు జోకులు, పద్నాలుగేళ్ళ కిందటి ఆడవాళ్ళ బొమ్మలు, పక్క గేమ్స్ చూసి అతికించుకున్న కొత్త అలవాట్లు. మాట నిలబెట్టుకోవడం కోసం మాత్రమే వచ్చిన గేమ్ అలాగే ఉంటుంది. కానీ కొత్తదనం లేకపోతే కథ చెప్పకూడదనే నియమం ఉన్నవాళ్ళు, కథని ఒక మనిషి చావు దగ్గర ఆపకూడదు. టెక్నాలజీ డెమోకి ఎవరూ ఏడవరు. అలిక్స్‌ని అంత బాగా ఏడిపించింది వాళ్ళే.

సిరీస్ రచయిత మార్క్ లెయిడ్‌లా 2016లో కంపెనీ వదిలేశాడు. 2017 ఆగస్టులో 'ఎపిసల్ 3' పేరుతో ఒక ఉత్తరం ప్రచురించాడు. పేర్లు మార్చి, ఆడవాళ్ళని మగవాళ్ళుగా, మగవాళ్ళని ఆడవాళ్ళుగా చేసి రాసినా, అది ఎపిసోడ్ త్రీ కథేనని చదివిన అందరికీ అర్థమైంది. ఓడని ఆయుధంగా చేసి శత్రువు గుండెల్లోకి నడిపితే, అక్కడ సూర్యుడంత కట్టడం ముందు తమ దెబ్బ అగ్గిపుల్లపాటిదని తెలుస్తుంది. జీ-మాన్ ఈసారి అలిక్స్‌ని తీసుకెళ్ళిపోతాడు. నాకు ఆ ఉత్తరం ఇష్టం. ఒక గేమ్‌కి సారాంశంగా అది బక్కగానే ఉంటుంది. ఓడిపోయి, ముసలివాడై రాసిన ఉత్తరంగా చదివితే బాగుంటుంది. అందులోనూ ముగింపు లేదు.

దాన్ని పట్టుకుని 'ప్రాజెక్ట్ బొరియాలిస్' అని కొందరు అభిమానులు గేమ్ కడుతున్నారు. వీళ్ళ గురించి చదివినప్పుడల్లా నాకు ఎర్రన గుర్తొస్తాడు. నన్నయ అరణ్యపర్వం మధ్యలో, శరత్కాలపు రాత్రి వర్ణన దగ్గర ఆపేశాడు. తిక్కన ఆ శేషాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. ముట్టుకుంటే అరిష్టమని భయపడ్డాడని ఒక కథ. ఎర్రన వచ్చి ఆ ఖాళీ పూరించాడు, అదీ తన పేరు వెనక్కి పెట్టి, నన్నయ రాసినట్టుగా, ఎప్పుడో పోయిన రాజరాజనరేంద్రుడికే అంకితమిస్తూ. నన్నయ రాత్రిలో వదిలితే ఎర్రన తెల్లవారడంతో మొదలుపెట్టాడు. బ్లాక్ మెసా అనే పేరుతో మొదటి హాఫ్-లైఫ్‌ని అభిమానులే మళ్ళీ కట్టి 2020లో పూర్తిచేశారు కాబట్టి, ఈ ఎర్రనల్ని నేను నమ్ముతాను.

వాల్వ్ మాత్రం తిక్కన దారి పట్టలేదు, ఎర్రన దారీ పట్టలేదు. 2020 మార్చిలో 'హాఫ్-లైఫ్: అలిక్స్' అని ఐదేళ్ళు వెనక్కి వెళ్ళి కథ మొదలుపెట్టింది. చివర్లో జీ-మాన్ అలిక్స్‌కి ఆమె తండ్రి చావబోయే ఆ క్షణాన్ని చూపిస్తాడు. ఆమె అడ్వైజర్ని చంపేస్తుంది. తండ్రి బతుకుతాడు, బదులుగా జీ-మాన్ ఆమెని గార్డన్ స్థానంలో పట్టుకెళ్తాడు. ఆ తర్వాత మనం మళ్ళీ గార్డన్ కళ్ళలో ఉంటాం, అదే షెడ్డులో. ఈలై బతికే ఉన్నాడు, అలిక్స్ లేదు. డాగ్ క్రోబార్ తెచ్చి పడేస్తే ఈలై మన చేతికిస్తాడు.

తెలివైన పనే. పదమూడేళ్ళ దుఃఖాన్ని చెరిపేసి దాని స్థానంలో ఒక అప్పు పెట్టడం. నాకు సగమే నచ్చింది. ఈలై చావుకున్న బరువు పోయింది. దాన్ని తిరిగి కొనుక్కున్న ధర అలిక్స్‌ది, కానీ ఆ బేరంలో ఆమెకి ఏం తాకట్టు పెడుతోందో తెలీదు. ఆమె పేరుతో ఉన్న గేమ్‌లో ఆమెకి అంత గుడ్డి బేరం ఇవ్వడం మూడో భాగం వస్తే నిలదీయాల్సిన మొదటి విషయం.

ఇంకో సంగతి. ఆ గేమ్ ఆడాలంటే వీఆర్ హెడ్‌సెట్ ఉండాలి, దాన్ని మోయగల గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. నాలాంటివాళ్ళు ఆ ముగింపుని యూట్యూబ్‌లో, ఇంకెవరో తల తిప్పుతుంటే, ఇంకెవరి చేతులో క్రోబార్ అందుకుంటుంటే చూశాం. కళ్ళు దాటి కెమెరా బయటికి రాని సిరీస్‌ని పక్కవాడి కళ్ళతో చూడటం! మూడోది మామూలు మానిటర్ మీద ఆడేలా తెస్తే, ఎన్నో నంబరు పెట్టినా నాకు అభ్యంతరం లేదు.