మీట నొక్కితే చాలునా?

రోదసీ విజ్ఞానాన్ని కుటుంబాలకు పరిచయం చేసే సందర్శన కేంద్రాలు నేడు అనేక దేశాలలో వెలిశాయి. వాటిలో పెక్కింటిది ఒకే లోపం. తెరమీద గ్రహాలు తిరుగుతాయి, మీట నొక్కితే రాకెట్టు గర్జిస్తుంది. పిల్లవాడు మరోసారి నొక్కి ముందుకు పరుగెత్తుతాడు. అతడు నేర్చినది మీట నొక్కడమే.

ఇంగ్లండులో మాంచెస్టరుకు దక్షిణాన, చెషైరు ప్రాంతంలోని జోడ్రెల్ బ్యాంక్ కేంద్రం ఈ విషయంలో పరిశీలింపదగినది. 1957లో పూర్తయిన అక్కడి లోవెల్ టెలిస్కోపు గిన్నె వ్యాసం 76 మీటర్లు. స్పుత్నిక్‌ను మోసుకెళ్ళిన రాకెట్టును ఆ ఏడాదే అది రాడారుతో పసిగట్టింది. 2019లో యునెస్కో ఆ స్థలాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2022లో తెరచిన కొత్త మంటపానికి గడ్డి కప్పిన గోపురాన్నీ అంతే వ్యాసంతో కట్టారు. అది చూడముచ్చటైనదే. అయితే ఆ కేంద్రపు అసలు సొత్తు గోపురం కాదు, ఎదురెదురుగా నిలిపిన రెండు పుటాకార గిన్నెలు.

ఒక గిన్నె ముందు తల్లి గుసగుసగా మాట్లాడితే, దూరాన రెండవ గిన్నె వద్ద చెవి ఒగ్గిన బిడ్డకు ఆ మాట స్పష్టంగా వినవస్తుంది. తీగ లేదు, విద్యుత్తు లేదు. నాభి వద్ద పుట్టిన శబ్దం మొదటి గిన్నెకు తగిలి సమాంతరంగా సాగుతుంది; రెండవది దానిని పోగుచేసి తన నాభికి చేరుస్తుంది. నక్షత్రాల నుండి వచ్చే బలహీనమైన రేడియో తరంగాలను ఒకచోటికి చేర్చే ఆ మహాయంత్రం పనీ ఇదే. పైగా ఈ ఆట ఒంటరిగా సాగదు. తెర ముందు ఒకరి చేయి ఆడుతుంటే మిగతావారు చూస్తూ నిలబడాలి. ఇక్కడ చెప్పేవారొకరు, వినేవారొకరు ఉండి తీరాలి. కుటుంబ కేంద్రం అనే మాటకు తగిన ఏర్పాటు ఇది.

ఇంత మంచి ఏర్పాటులోనూ ఒక ప్రమాదం పొంచి ఉంది. గిన్నెలు చేరవేసేది శబ్దాన్ని. శబ్దానికి గాలి కావాలి. రోదసీ శూన్యంలో అది నడవదు. టెలిస్కోపు నక్షత్రాల చప్పుడు వింటోందని బిడ్డ నమ్మి ఇంటికి వెళితే, ఆట ఒక సత్యాన్ని నేర్పి ఒక అసత్యాన్ని అంటగట్టినట్టే. ఆ తేడాను గిన్నెలు చెప్పలేవు. పక్కనున్న పెద్దలో, కేంద్రపు సిబ్బందో నోరు విప్పాలి.

చేతికి పని కల్పించి ఆకాశాన్ని నేర్పడం ముస్లిం పాఠకులకు కొత్త సంగతి కారాదు. ఆక్స్‌ఫర్డు ప్రదర్శనశాలలో ఎన్నో అస్తర్లాబులు భద్రంగా ఉన్నాయి. వాటి నగిషీని మెచ్చుకొని, పూర్వుల ఘనతను తలచుకొని వెళ్ళిపోవడం సులభం. కాని అది నక్షత్రపు ఎత్తు కొలిచి, దానికి సరిపడేలా పై జాలిని తిప్పి, ఆనాటి సూర్యస్థానాన్ని బట్టి రాత్రి వేళను చదివే పరికరం. నమాజు వేళలనూ దానితో నిర్ణయించేవారు. తమ ఊరి అక్షాంశానికి తగినట్టు అట్టతో చేసిన నకలు ఒకటి చేతికిస్తే, పిల్లలే దానిని తిప్పి ఇషా వేళ అయిందో లేదో చెప్పగలరు.