తెర చుట్టుముట్టింది, మన చోటెక్కడ?

ప్రేక్షకుణ్ణి కథ చూసేవాడిగా ఉంచం, కథ లోపలికే తీసుకుపోతాం: ఫిలింనగర్‌లో ఇప్పుడు చలామణిలో ఉన్న మాట ఇది. 2017లో ఆర్కా మీడియావర్క్స్, కంప్యూటర్ చిప్పులు చేసే ఏఎండీ కంపెనీతో కలిసి 'ది స్వోర్డ్ ఆఫ్ బాహుబలి' అనే వీఆర్ చిత్రం తెచ్చింది. కళ్లకు పెట్టె తగిలించుకుంటే చాలు, మాహిష్మతి మన చుట్టూ లేస్తుంది. తల ఎటు తిప్పితే అటు అదే రాజ్యం. 2022లో అన్నపూర్ణ స్టూడియోస్, క్యూబ్ సినిమాతో కలిసి వర్చువల్ ప్రొడక్షన్ వేదిక మొదలుపెట్టింది. థియేటర్లలో డాల్బీ అట్మాస్ వచ్చాక వాన చప్పుడు నెత్తి మీంచే పడుతోంది.

యంత్రాన్ని చూసి బెదిరే వాళ్లం కాదు మేము. మా ప్రశ్న వేరే. లోపలికి రమ్మంటున్నారు సరే, లోపల మనకిచ్చే చోటేది?

ఈ ప్రశ్న కొత్తదేం కాదు. తమిళులందరూ ఒకే కప్పు కింద కూర్చున్న మొదటి చోటు సినిమా హాలేనని శ్రీలంక తమిళ పండితుడు కార్తిగేసు శివతంబి అన్నాడు. మన దగ్గరా అంతే. గుడిలోకి రానివ్వని మా పెద్దలు టూరింగ్ టాకీసులోకి పోగలిగారు. అక్కడ చోటు నిర్ణయించింది కులం కాదు, టికెట్టు. అయితే ఆ టికెట్టుతో దొరికింది నేల. నేల మీద కూర్చుని, మెడ పైకెత్తి, తెర ముందే ఉండి చూసిన వాళ్లు మావాళ్లు. సినిమాలో మునిగిపోవడమంటే ఏమిటో వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆ నేల క్లాసు మల్టీప్లెక్సులో లేదు.

ఇక మాహిష్మతి సంగతి. 2015లో వచ్చిన మొదటి భాగం గుర్తు తెచ్చుకోండి. కట్టప్ప వీరుడే, కానీ తాతముత్తాతల మాటకు కట్టుబడిన బానిస. సింహాసనం మీద ఎవరు కూర్చుంటే వాళ్లకే ఊడిగం. కాలకేయులు నల్లవాళ్లు, మనకు అర్థం కాని కిలికి భాష మాట్లాడతారు, చావడానికే వస్తారు. ఆ సినిమా తమిళ రూపంలో అరుంధతియార్లను కించపరిచే మాట ఉందని అదే ఏడాది మదురైలో నిరసన లేచింది. మాటలు రాసిన మదన్ కార్కి క్షమాపణ చెప్పుకున్నాడు. మాట దిద్దుకోవచ్చు. చోటు దిద్దుకోవడమే కష్టం. చదును తెర మీద ఆ రాజ్యాన్ని దూరంగా కూర్చుని చూశాం, కాదనడానికి కాస్త జాగా ఉండింది. చుట్టుముట్టే తెర ఆ జాగాను కూడా తీసేసుకుంటుంది. పైగా దాన్ని అనుభవం అని పిలుస్తుంది.

చుట్టూ ఆట, మధ్యన జనం అనేది మాకు తెలియని విద్య కాదు. తెలంగాణ పల్లెల్లో చిందు భాగోతం ఆడితే వాడ వాడంతా కదిలి వస్తుంది. నిజామాబాదు జిల్లా చిందు ఎల్లమ్మ, 2005లో కన్నుమూసేదాకా, ఆడవేషమే కాదు మగవేషం కట్టినా జనం కళ్లార్పకుండా చూసేవారు. చిందువాళ్లు చెప్పే జాంబపురాణంలో జాంబవుడు భూమి కన్నా ముందు పుట్టినవాడు. అది వింటున్న మాదిగ, ఆ పెద్దాయన వారసుడు. చిందులో మనకిచ్చిన చోటు అది. మాహిష్మతిలో మనకిచ్చిన చోటు కట్టప్పది. తేడా యంత్రంలో లేదు, కథ ఎవరి చేతిలో ఉందనే దాంట్లో ఉంది.

దీనికి ఒక జవాబుంది. అమెరికా దర్శకుడు క్రిస్ మిల్క్ 2015లో వీఆర్‌ను ఎదుటివాడి బాధ తెలిపే యంత్రమన్నాడు. మన దేశంలోనూ ఆ ప్రయత్నం జరిగింది. 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితుల్ని కట్టేసి కొట్టిన ఘటన తర్వాత, ఎల్స్ వీఆర్ వాళ్లు 'క్యాస్ట్ ఈజ్ నాట్ ఎ రూమర్' తీశారు. తియ్యడం మంచిదే. కానీ పెట్టె తీసేయగానే చూసినవాడు తన కులంలోకి తను తిరిగి పోతాడు. దెబ్బ తిన్నవాడికి తీసి పక్కన పెట్టే పెట్టె లేదు. జాలి పడటం వేరు, చోటు వదులుకోవడం వేరు.

పని సంగతి కూడా చెప్పుకోవాలి. వర్చువల్ వేదికలో వెనక పెద్ద ఎల్ఈడీ గోడ ఉంటుంది. కెమెరా కదిలితే గోడ మీది కొండలు, కోటలు దానికి తగ్గట్టు కదులుతాయి. ఆ కోటను కర్రతో, ప్లాస్టర్‌తో కట్టే వడ్రంగి, రంగులేసే పెయింటర్, లైట్లు మోసే మనిషి ఎక్కడికి పోవాలి? జూబ్లీహిల్స్ దిగితే వచ్చే కృష్ణానగర్ వీళ్ల అడ్డా. 2025 ఆగస్టులో సినీ కార్మికులు 30 శాతం కూలి పెంపు అడిగి 18 రోజులు పని ఆపారు. రోజుకు రెండు వేల లోపు కూలి వాళ్లకు దక్కింది మూడేళ్లలో విడతలుగా 22.5 శాతం. అడిగింది కూలి, అదీ పూర్తిగా రాలేదు. రేపు పనే గోడ మీది బొమ్మలోకి పోతే దేన్ని ఆపి అడగాలి?

కాబట్టి యంత్రం వద్దనడం మన వాదం కాకూడదు. సెట్టు కట్టిన చేతులకే ఈ కొత్త పని నేర్పాలని అడగాలి. చిందు కళాకారుల అడుగుల్ని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే ఆ అడుగు మీద హక్కు వాళ్లదేనని అడగాలి. మన పిల్లలు కళ్లకు పెట్టె కట్టుకునే దగ్గర ఆగిపోకుండా, ఆ లోకాన్ని రాసే కుర్చీలో కూర్చోవాలి. జాంబవుడి కథను ఆ గోడ మీద మనవాళ్లే వేసిన రోజు, లోపలికి పిలవక్కర్లేదు. వాడ వాడంతా తనే వస్తుంది.