పొడుగు పిన్ను

వానలు ఇంకా తగ్గలేదు. మా బాల్కనీలో టైల్స్ మార్పిస్తున్నాం. మేస్త్రీ వెంట వచ్చిన కుర్రాడు మార్బుల్ కట్టర్‌ని నీళ్ల బకెట్ పక్కన పెట్టి ఎక్స్‌టెన్షన్ బాక్సు తీశాడు. దాని వైరుకు టాప్ లేదు. ఎర్ర, నల్ల వైర్ల కొనలు ఒలిచి గోడ సాకెట్‌లో దూర్చాడు. జారిపోకుండా రెండు అగ్గిపుల్లలు బిగించాడు. పచ్చ వైరు మాత్రం వెనక్కి మడిచి, టేపు చుట్టేసి ఉంది.

‘‘ఆ పచ్చ వైరు సంగతేంటి?’’ అన్నాను.

‘‘అది లేకున్నా మిషన్ నడుస్తది సార్.’’

నిజమే చెప్పాడు. నాకు భయం వేసింది కూడా అందుకే. ఫేజు ఊడితే మిషన్ ఆగుతుంది, న్యూట్రల్ ఊడినా ఆగుతుంది. ఎర్త్ ఊడితే ఏమీ కాదు. ఏళ్ల తరబడి ఏమీ కాదు. లోపల ఇన్సులేషన్ చిట్లి ఫేజు ఇనుప బాడీని తాకిన రోజున కరెంటుకి వేరే దారి ఉండదు. మిషన్ పట్టుకున్న మనిషిలోంచే నేలలోకి దిగుతుంది.

మా లాలాగూడలో రైల్వే క్యారేజ్ వర్క్‌షాపు 1893 నాటిది. నాన్న అందులో ఫిట్టరు. పక్క క్వార్టర్‌లో ఉండే బాబాయ్‌ది ఓవర్‌హెడ్ లైన్ల మీద పని. పట్టాల పైన సాగే ఆ తీగలో 25,000 వోల్టులు. సప్లయి ఆపేశామని కాగితం చేతికొచ్చినా దాన్ని ముట్టుకోరని చెప్పేవారు. డిశ్చార్జ్ రాడ్ క్లాంపును ముందు పట్టాకి బిగిస్తారు, ఆ తర్వాతే కొక్కేన్ని తీగకి తగిలిస్తారు. పనయ్యాక ముందు తీగ మీది కొక్కెం దిగుతుంది, పట్టా మీది క్లాంపు చివరికి. ‘‘ఎర్త్ ముందొస్తదిరా, ఆఖర్న పోతది’’ అనేవారు.

ఆ మాట ఎంత దగ్గరగా ఉందో చాలాకాలం నాకు తట్టలేదు. త్రీపిన్ టాప్‌ని చేతిలోకి తీసుకుని చూడండి. పై పిన్ను మిగతా రెండింటికన్నా లావు, పొడుగు. ప్లగ్గు పెడుతుంటే అది ముందు తగులుతుంది, తీస్తుంటే చివర వదులుతుంది. రైల్వేవాళ్లు చేత్తో పాటించే వరసను ఎవరో ఇత్తడిలోనే పోతపోసి మనకిచ్చారు. రెండు రంధ్రాల సాకెట్‌లో పట్టడం లేదని మనం విరగ్గొట్టేది ఆ పిన్నునే.

ఎంసీబీ ఉందిగా అంటారు. అది వైరును కాపాడేది. 16 ఆంపియర్ల ఎంసీబీ ఆ 16 దాటితే గాని కదలదు. మనిషికి పది పదిహేను మిల్లీ ఆంపియర్లు దాటితే చాలు, వేళ్లు బిగుసుకుపోతాయి, మిషన్‌ని వదలాలన్నా వదలలేడు. తడి చేతులతో తడి నేల మీద నిలబడితే 230 వోల్టులు అంతకు పదిరెట్లు తోయగలవు. మనిషిని చూసుకునేది ఆర్‌సీసీబీ. పోయిన కరెంటు తిరిగొచ్చిన కరెంటుతో సరిపోలక 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే, రెప్పపాటులో సప్లయి కోసేస్తుంది.

చదరంలో చదరం గుర్తున్న మిషన్లకి ఎర్త్ అక్కర్లేదు, నిజమే. బకెట్ పక్కన తడుస్తున్న ఎక్స్‌టెన్షన్ బాక్సుకి ఆ గుర్తు ఏం సాయపడుతుంది? వైరు చుట్ట విప్పకుండా వాడటం ఇంకో ప్రమాదం. ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరు 30 మీటర్లుంటే, పది ఆంపియర్లు లాగినప్పుడు వైరులోనే వంద వాట్ల వేడి పుడుతుంది. పరిచి ఉంటే గాలికి పోతుంది. చుట్టలో లోపలే మగ్గి ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది.

పని ఆపించి మెట్టుగూడ వెళ్లి టాప్ కొనుక్కొచ్చాను. కుర్రాడు టేపు విప్పి, పచ్చ వైరును పొడుగు పిన్నుకి శ్రద్ధగా బిగించాడు. తర్వాత తలెత్తి అడిగాడు: ‘‘మరి మీ గోడల ఎర్త్ ఉందా సార్?’’

నా దగ్గర జవాబు లేదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. ఆయన ముందుగా ఇంట్లోని ప్లగ్గులన్నీ తీయించాడు. ఎర్త్ తెగి ఉంటే పరీక్ష బల్బు గుండా ఫ్రిజ్ బాడీ దాకా కరెంటు పాకుతుందట. ఇది ఎవరికి వారు చేసుకునే పరీక్ష కాదని తెలిసింది. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య బల్బు వెలిగింది. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య వెలగలేదు. పెరట్లో ఎర్త్ తీగ ఎప్పుడో తుప్పుపట్టి తెగిపోయింది, గుంత మీద మేమే సిమెంటు చేయించాం. ఆ గోడకే గీజరు, వాషింగ్ మెషీను తగిలించి, తడి చేతులతో ముట్టుకుంటూ పిల్లల్ని పెంచుకున్నాం.

పెరట్లో రాయి తగిలి తవ్వకానికి రెండు రోజులు పట్టింది. పైపు దింపి, బొగ్గు, ఉప్పు పొరలుగా వేసి నీళ్లు పోశారు. ఈసారి బల్బు నిండుగా వెలిగింది. తర్వాత ఆర్‌సీసీబీ పెట్టి, అదే బల్బు మళ్లీ తగిలించారు. అది వెలగకముందే టక్‌మని ఇల్లంతా చీకటైంది.

‘‘పని చేస్తుంది సార్’’ అని మీట పైకెత్తాడు ఎలక్ట్రీషియన్. కుర్రాడు బకెట్‌ని దూరంగా జరిపి, వైరు చుట్ట మొత్తం విప్పి, టాప్ పెట్టాడు.