గంటలు అడిగే చోట, పట్టా అడిగే చోట

స్కూల్ కౌన్సెలర్‌ను తయారుచేసే పద్ధతి అమెరికాలో ఒకలా ఉంది, మన దేశంలో ఒకలా ఉంది. రెండింటినీ పక్కపక్కన పెడితే అమెరికా చదువు పెద్దది, మనది చిన్నది అని తేల్చేయడం తేలిక. కానీ అసలు తేడా చదువు పొడవులో లేదు. పిల్లల ముందు కూర్చోబోయే మనిషి పనితీరును ముందుగా ఎవరైనా చూశారా, లేదా అన్నదే తేడా.

అమెరికాలో ఎక్కువ రాష్ట్రాలు మాస్టర్స్ డిగ్రీ అడుగుతాయి. కౌన్సెలింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే కాక్రెప్ సంస్థ ప్రమాణాల్లో 60 క్రెడిట్ల చదువు ఉంది. అందులో ముందు 100 గంటల ప్రాక్టికమ్, అంటే పర్యవేక్షణలో తొలి సాధన, తర్వాత 600 గంటల ఇంటర్న్‌షిప్. వీటిలో మొదటి దాంట్లో కనీసం 40 గంటలు, రెండో దాంట్లో కనీసం 240 గంటలు నేరుగా కౌన్సెలింగ్ పనిలోనే గడపాలి. గుర్తింపు లేని కోర్సులూ ఉన్నాయి, రాష్ట్రాన్ని బట్టి గంటలూ మారతాయి. అయినా ఒక పద్ధతి మాత్రం స్థిరపడింది: అభ్యర్థి మాట్లాడిన తీరును సూపర్‌వైజర్ రికార్డింగ్‌లో వింటారు, లేదా పక్కనే ఉండి చూస్తారు. ఎక్కడ తొందరపడి సలహా ఇచ్చారో, ఎక్కడ పిల్లవాడి మాట మధ్యలో తుంచేశారో చెబుతారు. మన ఇళ్లలో పెద్దవాళ్లకు సలహా ఇవ్వకుండా పది నిమిషాలు కూర్చోవడమే గగనం. అలాంటి అలవాటు పుస్తకం చదివితే పోదు, పక్కనున్నవాళ్లు పట్టి చూపిస్తేనే పోతుంది. ఆపైన చాలా రాష్ట్రాల్లో పరీక్ష, లైసెన్సు, దాని పునరుద్ధరణ ఎలాగూ ఉన్నాయి.

మన వైపు చెప్పుకోదగ్గది ఎన్‌సీఈఆర్‌టీ నడిపే గైడెన్స్, కౌన్సెలింగ్ డిప్లొమా. ఏడాది కోర్సు: ఆరు నెలలు దూరవిద్య, మూడు నెలలు ముఖాముఖి శిక్షణ, చివరి మూడు నెలలు సొంత ఊళ్లోనో పనిచేసే చోటనో ఇంటర్న్‌షిప్. ఢిల్లీతో పాటు మైసూరు వంటి ప్రాంతీయ విద్యా సంస్థల్లో కేంద్రాలున్నాయి. ఉద్యోగంలో ఉన్న టీచర్లను ప్రధానంగా దృష్టిలో పెట్టుకుని అల్లిన కోర్సు ఇది. దీన్ని చిన్నచూపు చూసేవాళ్లతో నేను ఏకీభవించను. టీచరుకు బడి తెలుసు, ఊరు తెలుసు, ఫీజు కట్టలేక పరీక్షల ముందు మాయమయ్యే పిల్ల ఎవరో తెలుసు. చివరి మూడు నెలలు సొంత చోట గడపడం వల్ల, కోర్సు ఏ భాషలో చదివినా, సాధన మాత్రం పిల్లల యాసలో జరిగే వీలుంది. టెక్సాస్ కూడా 2023 దాకా కౌన్సెలర్ కావాలంటే రెండేళ్లు క్లాసులో పాఠం చెప్పి ఉండాలనేది, ఆ తర్వాతే ఆ షరతు తీసేసింది.

అయితే టీచరే కౌన్సెలరైతే ఒక చిక్కుంది. మార్కులు వేసే చెయ్యి, రహస్యం వినే చెవి ఒకే మనిషివి అవుతాయి. లెక్కల సారు మీద భయంతో బడి మానేస్తున్న పిల్ల ఆ విషయం లెక్కల సారుకే చెప్పుకోలేదు కదా! డిప్లొమా తీసుకున్న టీచరును పూర్తిగా ఆ పనికే కేటాయించకపోతే, మూడు నెలల ఇంటర్న్‌షిప్ నేర్పింది స్టాఫ్ రూములోనే ఆవిరైపోతుంది.

ఇంకా పెద్ద లోపం సీబీఎస్‌ఈ 2018లో తెచ్చిన అఫిలియేషన్ నిబంధనల్లో కనిపించింది. కౌన్సెలర్‌గా చేరడానికి సైకాలజీలో డిగ్రీ గానీ పీజీ గానీ, చైల్డ్ డెవలప్‌మెంట్‌లో పీజీ గానీ, లేదా ఏదైనా డిగ్రీతో పాటు కెరీర్ గైడెన్స్, కౌన్సెలింగ్ డిప్లొమా గానీ చాలన్నారు. మూడింటినీ ఒకే గాటన కట్టారు. మూడేళ్లు సైకాలజీ చదివి, ఒక్క పిల్లవాడి ఎదుటా కూర్చోని వ్యక్తికీ, ఇంటర్న్‌షిప్ చేసివచ్చిన వ్యక్తికీ తేడా చూపలేదు. అమెరికాలో ఎక్కువ రాష్ట్రాల్లో మొదటి వ్యక్తికి మాస్టర్స్ కోర్సులో చేరడానికి మాత్రమే అర్హత ఉంటుంది.

చట్టం సంగతి చూస్తే ఇలా సాధన లేకుండా రావడం మరీ ప్రమాదం. ఎవరో తనను తాకుతున్నారని పిల్ల చెబితే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి. తెలపకపోతే శిక్ష ఉంది. ‘ఎవరికీ చెప్పను’ అని ముందే మాటిచ్చేసిన కొత్త కౌన్సెలర్ ఇటు పిల్ల నమ్మకాన్నో, అటు చట్టాన్నో వదులుకోవాలి. ఏ మాట మొదట చెప్పాలి, ఏ మాట ఇవ్వకూడదు అన్నది సాధనలో నేర్చుకోవాల్సిన పని.

అలాగని అమెరికాను ఆకాశానికెత్తడం కుదరదు. 250 మంది విద్యార్థులకు ఒక కౌన్సెలర్ ఉండాలని అక్కడి స్కూల్ కౌన్సెలర్ల సంఘం అంటుంది, 2022–23లో దేశ సగటు 385. అంత శిక్షణ పొందిన మనిషి చాలా బళ్లలో టైమ్‌టేబుళ్లు సర్దుతూ, పరీక్షల ఏర్పాట్లు చూస్తూ గడుపుతున్నారు. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఉండే తెలుగు తల్లిదండ్రులను అడగండి, కోర్సుల ఎంపికకూ కాలేజీ సిఫారసు లేఖకూ కలిసే మనిషిగానే కౌన్సెలర్ వాళ్లకు తెలుసు.

ఇప్పుడు మన దగ్గర కౌన్సెలర్లను పెట్టుకోవాలన్న తొందర పెరిగింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న విద్యార్థిని మరణంపై వచ్చిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థలు, కోచింగ్ సెంటర్లు సహా, పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో నియమించుకోవాలంది. ‘శిక్షణ ఉన్న’ అన్న షరతు మంచిదే. కానీ ఆ శిక్షణకు కొలత లేకపోతే కార్పొరేట్ కాలేజీలు నేమ్‌బోర్డు తగిలించి సరిపెట్టుకోగలవు. నా దృష్టిలో అమెరికా నుంచి మనం తెచ్చుకోవాల్సింది మాస్టర్స్ డిగ్రీ కాదు, పర్యవేక్షణలో గడిపే ఆ గంటలు. వాటిని ఎన్‌సీఈఆర్‌టీ డిప్లొమాకు గట్టిగా జోడించి, ఉత్త డిగ్రీతో వచ్చే దారిని సీబీఎస్‌ఈ మూసేయాలి.

అందాకా తల్లిదండ్రులకు ఒక మాట. అడ్మిషన్ రోజున ‘మాకు కౌన్సెలర్ ఉన్నారు’ అని చెబితే, ఆయనో ఆవిడో ఏం చదివారని అడిగి ఊరుకోకండి. ఎవరి పర్యవేక్షణలో, ఎన్నాళ్లు పనిచేశారో అడగండి.