సంఘం పాడలేని పాట

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట కంటే ముందు దాని రాగం, తాళం పేర్లు అచ్చై ఉంటాయి. మా గుంటూరు, ఒంగోలు పల్లెల్లో చాలామందికి సంగీతంతో తొలి పరిచయం ఆ చిన్న అక్షరాలతోనే. నేనూ ఆ పుస్తకం ముందు పెట్టుకునే హార్మోనియం పట్టాను. మెట్ల మీద వేళ్ళు ఆడటం త్వరగానే వచ్చింది. కష్టమంతా సంఘం చేత పాడించడంలోనే ఉందని తర్వాత తెలిసింది.

నాలుగు శ్రుతిలో ఎత్తుకుంటే పై షడ్జమం దగ్గరే మగవాళ్ళ గొంతు ఆగిపోతుంది. బాగా దించితే ఆడవాళ్ళ గొంతు పలకదు. ఇద్దరికీ కుదిరే శ్రుతి ముందు వెతుక్కోవాలి. చదువు రానివాళ్ళకు చరణం ఒక్కో పాదం చొప్పున అందించాలి. వాళ్ళు దాన్ని తిప్పి పాడేదాకా తాళం పరుగెత్తకుండా పట్టుకోవాలి. పల్లవి మాత్రం ఎవరూ అందించక్కర్లేదు, అది అందరిదీ.

ఈ పద్ధతి ఊరికే పుట్టలేదు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరువు రోజులవి. వాళ్ళలో ఎక్కువమంది బడి ముఖం చూడనివ్వని మాదిగ పల్లెలవాళ్ళు. వాళ్ళు వాక్యాన్ని నోట నిలుపుకున్నది పాటతోనే. పురుషోత్తమ చౌదరి (1803–1890) లాంటి కవులు పరదేశపు బాణీలతో సరిపెట్టుకోకుండా మన రాగతాళాల్లో కీర్తనలు కట్టారు. 1938లో బైబిల్ మిషన్ మొదలుపెట్టి, గుంటూరు పక్కన కాకానిలో 1960లో కన్నుమూసిన ముంగమూరి దేవదాసు అయ్యగారూ ఆ దారిలోనే పాటలు రాశారు.

పూజలో సొంత భాషను, సొంత బాణీలను పాడుకునే ఈ వీలు స్పానిష్ మాట్లాడే దేశాల్లో కతోలికులకు చాలా ఆలస్యంగా దొరికింది. 1960ల్లో రెండవ వాటికన్ మహాసభ లాటిన్‌కు బదులు జనభాషలో పూజ జరుపుకోనిచ్చింది. వెంటనే 1964లో అర్జెంటీనా స్వరకర్త అరియెల్ రమీరెస్ ‘మీసా క్రియోయా’ కట్టాడు. పూజ పాటలకు ఆండీస్ కొండల జానపద లయలు, చరాంగో తీగలు, బొంబో డోలు జత చేశాడు. 1975లో నికరాగువాలో కార్లోస్ మెహియా గొదోయ్ రైతుకూలీల పూజకు పాటలు చేశాడు. ఆ రికార్డులు విన్నప్పుడల్లా మన కీర్తనకారుల మీద నాకు గౌరవం పెరుగుతుంది. జనం గొంతులో ఉన్న సంగీతమే దేవుడి ముందు పెట్టదగిందని వాళ్ళు వందేళ్ళ ముందే నమ్మారు.

ఇప్పుడు క్రిస్మస్‌కి, కొత్త సంవత్సరానికి కొత్త ఆల్బమ్‌లు వస్తాయి. మిరపకోతలకు పొద్దున్నే బయల్దేరే ఆటోల్లో, పత్తి తీసే చేలల్లో ఆ పాటలు ఫోన్లలో మోగుతుంటాయి. వాటిలో గొప్ప బాణీలున్నాయి, కన్నీళ్ళు తెప్పించే మాటలున్నాయి. అయితే చాలా పాటలు ఒక్క గాయకుడి గొంతుకు కొలిచి కుట్టినవి. చరణం చివర అందనంత ఎత్తుకు వెళ్తాయి. పాదాలు సమంగా ఉండవు. ఆదివారం అదే పాట ఎత్తుకుంటే ముందువరసలో ఇద్దరు ముగ్గురు పాడతారు, మిగతావాళ్ళు చప్పట్లతో సరిపెట్టుకుంటారు. వారమంతా వంగి కాయ కోసిన మనిషికి నోరారా పాడుకునే హక్కు ఆ గంటలోనైనా ఉండాలి. ఆ మనిషిని శ్రోతగా కూర్చోబెట్టడం నాకు బాధగా ఉంటుంది.

పాటలు కట్టే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నాదొక్కటే మనవి. స్టూడియోకి వెళ్ళేముందు కీబోర్డు లేకుండా, ఒక్క కంజీరతో మీ సంఘంలో ఆ పాట అందించి చూడండి. మూడో చరణానికల్లా వెనక వరసలో కూర్చున్న అవ్వ పల్లవి అందుకుంటే రికార్డు చేయండి. అందుకోకపోతే ఆమె గొంతుకు తగ్గట్టు బాణీ మార్చండి.